ఒకే కర్త, మూడు క్రియలు: తెలుగు వాక్యాన్ని గ్రాఫ్ గ్రామర్‌తో పార్స్ చేయడం ఎలా

తెలుగు వాక్యాన్ని కంప్యూటర్‌తో విడదీయించాలనుకునే (పార్స్ చేయించాలనుకునే) వాళ్లు ఎక్కువగా చెట్టు గీయడంతో మొదలుపెడతారు. పైన క్రియ, దాని కింద కర్త, కర్మ, వాటి కింద విశేషణాలు. "అన్న అన్నం తిన్నాడు" లాంటి వాక్యానికి ఇది చాలు. కానీ మన ఇళ్లలో మాట అలా ఒక్క క్రియతో ఆగదు. "అప్ప సంతకెళ్లి చింతపండు కొని ఇంటికొచ్చింది" అంటాం (అప్ప అంటే అక్క). వెళ్లింది అప్ప, కొన్నది అప్ప, వచ్చిందీ అప్పే. చెట్టులో ఒక నోడ్‌కు, అంటే ఒక చుక్కకు, పైన ఒకటే నోడ్ ఉండాలి. మూడు క్రియలూ అప్పను పట్టుకుంటామంటే చెట్టు ఒప్పుకోదు. అందుకే ఒక నోడ్‌కు ఎన్ని వైపుల నుంచైనా గీతలు (ఎడ్జ్‌లు) చేరగల గ్రాఫ్ కావాలి, గ్రాఫ్‌లను పుట్టించే గ్రామర్, అంటే సూత్రాల పట్టిక, కావాలి.

నేను పర్లాకిమిడిలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ సైన్స్ చెప్తాను. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఆ రాష్ట్రంలోకి వెళ్లింది, పక్కనున్న పాతపట్నం ఆంధ్ర వైపు ఉండిపోయింది. నా క్లాసులో చాలామందికి ఇంట్లో తెలుగు, బయట ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. ఈ పిల్లలు తెలుగు మీద పార్సర్ రాస్తామంటే దొరికే పాఠాలన్నీ ఇంగ్లీషు వాక్యాల చుట్టూ తిరుగుతుంటాయి. "వెళ్లి", "కొని" లాంటి, అర్థం పూర్తికాని అసమాపక క్రియల సంగతి వాటిలో ఉండదు. మన భాషకు అసలు కష్టం అక్కడే, అందం కూడా అక్కడే. అందుకే ఇది రాస్తున్నాను. కాంటెక్స్ట్ ఫ్రీ గ్రామర్ అంటే ఏమిటో తెలిసి, పైథాన్ కాస్త వచ్చి, కాగితం పెన్సిల్ పట్టుకుని ఒక పూట కూర్చోగలిగితే చాలు.

ముందు వాక్యాలు

గ్రామర్ రాసే ముందు వాక్యాలు పోగుచేయండి. రెండు, అంతకంటే ఎక్కువ క్రియలున్న ముప్పై వాక్యాలు చాలు. పాఠ్యపుస్తకం నుంచి వద్దు. ఇంట్లో, బస్సులో, కొట్టు దగ్గర విన్నవి విన్నట్టే రాసుకోండి. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊరు మాది. ఈ చుట్టుపక్కల కొండల్లోని సవరల మాట విని, నేర్చుకుని, ఆ భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. చెవితో విన్నదాన్నే ఆధారంగా తీసుకోవడం భాషా సాంకేతికతకు మొదటి క్రమశిక్షణ అని నేను నమ్ముతాను.

రాసుకున్న ప్రతి వాక్యం పక్కనే దాని విడగొట్టిన రూపం రాయండి. "సంతకెళ్లి" అంటే సంతకు, వెళ్లి. "ఇంటికొచ్చింది" అంటే ఇంటికి, వచ్చింది. ఈ సంధి పనిని గ్రామర్‌లోకి రానివ్వకండి. రానిస్తే కలిసిన రూపానికొకటి, విడిగా ఉన్న రూపానికొకటి చొప్పున ప్రతి సూత్రమూ రెండవుతుంది. మొదట చేత్తోనే విడగొట్టండి, ప్రోగ్రామ్ తర్వాత రాసుకోవచ్చు. ప్రోగ్రామ్ రాసేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. యూనికోడ్‌లో "కి" రెండు సంకేతాలు: క ఒకటి, గుడి ఒకటి. పైథాన్‌లో అక్షరాల చొప్పున తెగ్గోస్తే గుడి ఒక పక్క, హల్లు ఒక పక్క పడతాయి.

మా వైపు "వెళ్లి"ని చాలామంది "ఎల్లి" అంటారు, "వెళ్లిపోయాడు"ని "ఎల్లిపోనాడు" అంటారు. దాన్ని దిద్దకండి. నిఘంటువు ఫైలులో "ఎల్లి", "వెళ్లి" రెండు వరుసలుగా ఉంచి, రెండిటికీ ఒకే నోడ్ పేరు ఇవ్వండి: వెళ్లు.

"వెళ్లిపోయింది"లో పోవు వేరే పని కాదు. మరి "తెచ్చి ఇచ్చింది"లో ఇవ్వడం వేరే పనే. ఏది ఎప్పుడు వేరే నోడ్ అవుతుందో తేల్చడానికి నేను పిల్లలకు చెప్పే పరీక్ష ఒకటుంది. రెండు క్రియల మధ్య "నిన్న" పెట్టి చూడండి. "తెచ్చి నిన్న ఇచ్చింది" అనగలం, కాబట్టి రెండు నోడ్లు. "వెళ్లి నిన్న పోయింది" అంటే మొదటి అర్థం పోతుంది, కాబట్టి ఒకటే నోడ్. "కొనుక్కొని" కూడా ఇంతే, ఒకటే పని.

గ్రాఫ్ చేత్తో గీయడం

ఇప్పుడు అప్ప వాక్యం తీసుకోండి. నోడ్లు ఏడు: అప్ప, సంత, చింతపండు, ఇల్లు, వెళ్లు, కొను, వచ్చు. ఎడ్జ్‌లకు నేను కారకాల పేర్లే వాడతాను: కర్త, కర్మ. గమ్యానికి "చోటు" అంటాను. ఒక పని కంటే ముందు జరిగిన పనికి "ముందు" అనే ఎడ్జ్. అర్థాల గ్రాఫ్‌లను రాసుకునే పెన్‌మన్ పద్ధతిలో ఇది ఇలా ఉంటుంది:

(వ / వచ్చు
   :కర్త (అ / అప్ప)
   :చోటు (ఇ / ఇల్లు)
   :ముందు (క / కొను
      :కర్త అ
      :కర్మ (చ / చింతపండు)
      :ముందు (వె / వెళ్లు
         :కర్త అ
         :చోటు (స / సంత))))

"అ" మూడు చోట్ల ఉంది, "అప్ప" అనే పేరు మాత్రం ఒక్క చోటే ఉంది. రెండోసారి, మూడోసారి వచ్చిన "అ" కొత్త మనిషి కాదు, అదే నోడ్. ఎడ్జ్‌లు లెక్కపెట్టండి. కర్త మూడు, చోటు రెండు, కర్మ ఒకటి, ముందు రెండు, మొత్తం ఎనిమిది. ఏడు నోడ్ల చెట్టుకైతే ఆరే ఎడ్జ్‌లుంటాయి. ఆ అదనపు రెండూ అప్పకు చేరినవే. ఎన్ని వాక్యాలు గీసినా ఈ లెక్క చూసుకోండి. ఎడ్జ్‌లు నోడ్ల కంటే ఒకటి తక్కువ వచ్చాయంటే, పంచుకోవలసిన కర్తను ఎక్కడో వదిలేశారేమో ఒకసారి చూడాలి.

ఇక్కడ పాణినిని తలుచుకోకుండా ముందుకు వెళ్లలేను. ఆయన సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయిలో మూడో అధ్యాయం నాలుగో పాదంలో 21వ సూత్రం: సమానకర్తృకయోః పూర్వకాలే. రెండు పనులకు కర్త ఒకరే అయినప్పుడు, ముందు జరిగిన పనిని చెప్పే ధాతువుకు క్త్వా ప్రత్యయం వస్తుంది. మన "వెళ్లి", "కొని" రూపాలను క్త్వార్థకం అనేది అందుకే. పైన గీసిన గ్రాఫ్‌లోకి ఈ సూత్రాన్ని పెట్టి చూడండి. "సమానకర్తృక" అంటే కర్త ఎడ్జ్‌లు రెండూ ఒకే నోడ్‌కు చేరాలి. "పూర్వకాలే" అంటే "ముందు" ఎడ్జ్. చెట్టులో చెప్పలేని రెండు సంగతులూ ఆ రెండు మాటల్లో ఉన్నాయి. ఈ సూత్రాన్ని బోర్డు మీద గ్రాఫ్ పక్కన రాసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

హైపర్‌ఎడ్జ్‌తో సూత్రాలు

మామూలు గ్రామర్‌లో ఒక గుర్తును తీసి దాని స్థానంలో మాటల వరుస పెడతాం. హైపర్‌ఎడ్జ్ రీప్లేస్‌మెంట్ గ్రామర్‌లో ఒక హైపర్‌ఎడ్జ్‌ను తీసి దాని స్థానంలో ఒక చిన్న గ్రాఫ్ పెడతాం. హాబెల్, క్రెయోవ్‌స్కీ, కుర్సెల్ వంటి వాళ్లు 1980లలో దీనికి గట్టి పునాది వేశారు. మామూలు ఎడ్జ్‌కు రెండు కొనలుంటాయి. హైపర్‌ఎడ్జ్‌కు ఒకటుండొచ్చు, మూడుండొచ్చు, ఎన్నైనా ఉండొచ్చు. దాన్ని రెండు పిన్నుల ప్లగ్గులా ఊహించుకోండి. పాత ప్లగ్గు పీకి, అవే రంధ్రాల్లో కొత్తది గుచ్చుతాం. గుచ్చే చోట్లను ఎక్స్‌టర్నల్ నోడ్లు అంటారు, నేను బయటి నోడ్లు అంటాను. గ్రామర్ రాయడమంటే నిజానికి ఒక్కొక్క గుర్తుకు బయటి నోడ్లు ఏవో నిర్ణయించడమే. మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

మన వాక్యానికి కావలసిన సూత్రాలు ఇవి. మ అంటే మనిషి, ప అంటే పని, వ అంటే వస్తువు లేదా చోటు. సమాపకం అంటే "వచ్చింది" లాంటి పూర్తయిన క్రియ ఉన్న భాగం, వరస అంటే అసమాపకాల గొలుసు, ముక్క అంటే వాక్యంలో కర్త పోగా మిగిలింది. బాణానికి కుడి పక్కన మాటల వరుస, నిలువు గీత తర్వాత గ్రాఫ్‌కు కలిపే ఎడ్జ్‌లు.

1. వాక్యం → నామం(మ) ముక్క(మ, ప)
2. ముక్క(మ, ప) → వరస(మ, ప2) సమాపకం(మ, ప) | ముందు(ప, ప2)
3. వరస(మ, ప) → వరస(మ, ప2) అసమాపకం(మ, ప) | ముందు(ప, ప2)
4. వరస(మ, ప) → అసమాపకం(మ, ప)
5. ముక్క(మ, ప) → సమాపకం(మ, ప)
6. అసమాపకం(మ, ప) → నామం(వ) కు వెళ్లి | వెళ్లు(ప), కర్త(ప, మ), చోటు(ప, వ)
7. అసమాపకం(మ, ప) → నామం(వ) కొని | కొను(ప), కర్త(ప, మ), కర్మ(ప, వ)
8. సమాపకం(మ, ప) → నామం(వ) కి వచ్చింది | వచ్చు(ప), కర్త(ప, మ), చోటు(ప, వ)

రెండో సూత్రాన్ని కాగితం మీద గీయండి. ఎడమ పక్క "ముక్క" అనే హైపర్‌ఎడ్జ్, దానికి రెండు నోడ్లు: మ, ప. కుడి పక్క మూడు నోడ్లు: మ, ప, కొత్తగా పుట్టిన ప2. వరస మ నుంచి ప2కు, సమాపకం మ నుంచి పకు, "ముందు" ఎడ్జ్ ప నుంచి ప2కు. త్రికోణం. ఈ త్రికోణమే తెలుగు వాక్యానికి గుండెకాయ. మ రెండు ముక్కలకూ అందుతోంది, ప2 లోపలే ఉండిపోతోంది.

వరసకు మ ఇవ్వకుండా ఒక్క పనే బయటి నోడ్‌గా పెడితే ఏమవుతుందో చూడండి. కొనే ముక్క తన కర్తను తానే కొత్తగా పుట్టించుకుంటుంది. గ్రాఫ్‌లో అప్ప ఒకరు, కొన్నవాళ్లు ఇంకొకరు, వెళ్లినవాళ్లు మరొకరు. దాని నుంచి ఇంగ్లీషు చేయబోతే "ఎవరు కొన్నారు?" అనే ప్రశ్నకు యంత్రం దగ్గర జవాబుండదు.

సూత్రాలు రాసేటప్పుడు నోడ్ల క్రమం ప్రతి చోటా ఒకటే ఉంచండి. ఎప్పుడూ మనిషి ముందు, పని తర్వాత. ఒక్క సూత్రంలో తిరగబడ్డా పనే కర్త అయి కూర్చుంటుంది, పార్సర్ మాత్రం ఏ తప్పూ చూపించదు.

మూడో సూత్రానికి బదులు "అసమాపకం, తర్వాత ముక్క" అని కుడి వైపుకు పెరిగే సూత్రం పెడితే ఏం అని మా విద్యార్థిని ఒకామె అడిగింది. చాలా మంచి ప్రశ్న. ముక్కకు బయట కనిపించే పని చివరిదొక్కటే. కాబట్టి "వెళ్లు" ముక్క వచ్చి అతుక్కోవాలంటే దానికి "వచ్చు" మాత్రమే అందుతుంది, మధ్యనున్న "కొను" అందదు. వెళ్లడం రావడానికి ముందు అని వస్తుంది కానీ, కొనడానికి ముందు అని రాదు. రెండు సూత్రాలూ ఉంచేస్తే ఒకే వాక్యానికి రెండు వేర్వేరు గ్రాఫ్‌లు వస్తాయి. ఒక్కటే ఉంచండి, ఎడమ వైపుకు పెరిగేది.

పార్సింగ్ ఏ వైపు నుంచి?

మీ చేతిలో ఉన్నది మాటల వరుస, కావలసింది గ్రాఫ్. పైన ప్రతి సూత్రంలోనూ రెండూ జంటగా ఉన్నాయి. దీన్ని సింక్రనస్ గ్రామర్ అంటారు. కాబట్టి పార్సింగ్ అంతా మాటల వైపే చేయండి. గ్రాఫ్ దానంతట అదే వస్తుంది.

మాటల వైపు సీవైకే అల్గారిథమ్ చాలు, అంటే చిన్న ముక్కల నుంచి పెద్ద ముక్కలకు పట్టిక నింపుతూ పోయే పద్ధతి. విభక్తులను నామంతోనే ఉంచితే మన వాక్యంలో ఏడు మాటలు: అప్ప, సంతకు, వెళ్లి, చింతపండు, కొని, ఇంటికి, వచ్చింది. పట్టికలో గళ్లు 28. రెండు మాటల గళ్లలో "సంతకు వెళ్లి", "చింతపండు కొని" అసమాపకాలుగా, "ఇంటికి వచ్చింది" సమాపకంగా పడతాయి. నాలుగు మాటల గడిలో "సంతకు వెళ్లి చింతపండు కొని" మూడో సూత్రంతో వరస అవుతుంది. ఆరు మాటల గడిలో ముక్క, ఏడు మాటల గడిలో వాక్యం. వాడిన సూత్రాలు 1, 2, 3, 4, 6, 7, 8. ఆ క్రమంలోనే గ్రాఫ్ వైపు కూడా ప్లగ్గులు మారుస్తూ వెళ్తే పెన్‌మన్‌లో గీసినదే వస్తుంది. కాగితం మీద ఒక్కసారైనా ఇది చేయకుండా కోడ్ మొదలుపెట్టకండి. కోడ్ తప్పితే ఎక్కడ తప్పిందో చెప్పేది ఆ కాగితమే.

గ్రాఫ్ చేతిలో ఉండి వాక్యం కావాలంటే మాత్రం పని బరువెక్కుతుంది. గ్రాఫ్‌లో ఎడమ, కుడి అనేవి లేవు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియదు. హైపర్‌ఎడ్జ్ గ్రామర్లలో కొన్నిటికి ఈ పని ఎన్‌పీ కంప్లీట్ అని, అంటే వేగంగా చేసే దారి ఎవరికీ తెలియనంత కష్టమని, ముందే తేలింది. 2013లో సోఫియాలో జరిగిన ఏసీఎల్ అనే కంప్యూటర్ భాషాశాస్త్ర సదస్సులో డేవిడ్ చియాంగ్ బృందం కలిపి ఉన్న గ్రాఫ్‌లకు ఒక అల్గారిథమ్ ఇచ్చింది. దాని ఖర్చు ఎలా పెరుగుతుందంటే, నోడ్‌కు అంటుకున్న ఎడ్జ్‌ల గరిష్ఠ సంఖ్యను మూడు మీద ఘాతంగా వేసి, నోడ్ల సంఖ్యతో గుణించి, వచ్చినదాన్ని గ్రామర్ ట్రీవిడ్త్ కంటే ఒకటి ఎక్కువ ఘాతానికి పెంచాలి. ట్రీవిడ్త్ అంటే గ్రాఫ్ చెట్టుకు ఎంత దూరంగా ఉందో చెప్పే సంఖ్య. మన త్రికోణం ట్రీవిడ్త్ రెండు, కాబట్టి ఘాతం మూడు. "కొను" నోడ్‌కు నాలుగు ఎడ్జ్‌లున్నాయి: కర్త, కర్మ, వెళ్లుకు పోయే "ముందు", వచ్చు నుంచి వచ్చే "ముందు". మూడు నాలుగుసార్లు గుణిస్తే 81, ఏడుతో గుణిస్తే 567, దాని ఘనం 18 కోట్లు దాటుతుంది. అది పై హద్దే, నిజంగా పట్టేది చాలా తక్కువ. అయినా మాటల వైపు లెక్క ఏడు ఘనం, అంటే 343. పక్కపక్కన పెట్టి చూడండి.

తెలుగుకు దీనిలో ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన వాక్యం పొడుగయ్యేది అసమాపక క్రియలతో. "లేచి, ముఖం కడిగి, పాలు కాచి, పిల్లల్ని లేపి, బడికి పంపి..." అంటూ పది క్రియలు పేరిస్తే పది కర్త ఎడ్జ్‌లూ ఒకే మనిషి నోడ్ మీద పడతాయి. నోడ్ డిగ్రీ, అంటే దానికి అంటుకున్న ఎడ్జ్‌ల సంఖ్య, పది అయితే మూడు ఘాతం పది 59,049. వాక్యంలో ఎక్కువ క్రియలు మోసే ఆమె నోడే లెక్కలోనూ ఎక్కువ బరువు మోస్తుంది. కాబట్టి తెలుగు నుంచి గ్రాఫ్‌కు వెళ్లేటప్పుడు మాటల వైపు నుంచే వెళ్లండి. గ్రాఫ్ నుంచి తెలుగుకు రావలసి వస్తే "ముందు" ఎడ్జ్‌ల గొలుసు పట్టుకుని చివరి క్రియ నుంచి వెనక్కి నడవండి. ఆ గొలుసు మీకు క్రమాన్ని ఉచితంగా ఇస్తుంది.

కర్త మారే చోట్లు

"అప్ప డబ్బులిస్తే అన్న బియ్యం తెచ్చాడు." ఇక్కడ "ఇస్తే" చేదర్థకం, అంటే షరతు చెప్పే రూపం. రెండు పనులు, ఇద్దరు మనుషులు. కాబట్టి దీనికి సూత్రం వేరు:

9. వాక్యం → నామం(మ) తేముక్క(మ, ప2) నామం(మ2) ముక్క(మ2, ప) | షరతు(ప, ప2)

తేముక్క అంటే "ఇస్తే" లాంటి రూపంతో ముగిసే ముక్క. కుడి పక్క నాలుగు గుర్తులున్నాయి కనుక సీవైకే కోసం రెండేసి గుర్తుల సూత్రాలుగా విడగొట్టుకోండి. "నేను ఊరెళ్తే చెప్తాను" లాంటి వాటికి మ, మ2 ఒకటే అయిన ఇంకో సూత్రం కావాలి. రెండో నామం కనిపించనప్పుడు ఏది వాడాలో క్రియ ముగింపు చెబుతుంది. "అప్ప వస్తే చెప్తాను" అంటే చెప్పేది నేను, కచ్చితంగా వేరే మనిషి. "అప్ప వస్తే చెప్తుంది" అంటే అప్పే కావచ్చు, వేరే ఎవరో ఆమె కావచ్చు. అప్పుడు రెండు గ్రాఫ్‌లూ ఉంచండి. పార్సర్ బలవంతంగా ఒకటి తేల్చడం కంటే రెండు ఇవ్వడం నిజాయితీ.

ఇప్పుడు పాణిని సూత్రం మన దగ్గర సడలే చోటు. "వానలు పడి మహేంద్రతనయ పొంగింది." మా ఊరి పక్కనున్న ఏరు అది. వర్షాకాలంలో ఈ మాట అనని ఇల్లు ఉండదు. పడినవి వానలు, పొంగింది ఏరు. క్త్వార్థకమే, కర్త మాత్రం ఒకటి కాదు. "గాలి వీచి చెట్టు కూలింది", "ఎండలు ముదిరి చెరువు ఎండిపోయింది" కూడా ఇలాగే. వీటిలో ఎవరూ కావాలని చేసింది ఏమీ లేదు, అన్నీ జరిగినవి. అందుకని పడు, వీచు, ముదురు, పొంగు, కూలు, ఎండు వంటి క్రియలకు నిఘంటువులో "జరుగు" అనే గుర్తు పెట్టండి. ఆ గుర్తున్న రెండు క్రియలు కలిసినప్పుడే కర్తను పంచుకోని సూత్రం పనిచేయాలి, దానికి "ముందు"తో పాటు "కారణం" ఎడ్జ్ కూడా ఇవ్వాలి. గుర్తు లేకుండా సూత్రాన్ని వదిలేస్తే, అప్ప వాక్యంలో కూడా యంత్రం కర్తలను విడగొట్టడం మొదలుపెడుతుంది.

"వాడు వచ్చి నాలుగు రోజులైంది" ఇంకో రకం. రోజులైంది అనేది కాలం, దానికి కర్తను వెతకకూడదు. "అయింది" ముందు కాలపరిమాణం ఉంటే విడి సూత్రం పెట్టండి. "వెళ్లకుండా" రూపాన్ని వేరే కాగితం మీద రాసుకోండి, అది కర్తను పంచుకుంటుంది కూడా, పంచుకోదు కూడా.

కర్త అసలు కనిపించని వాక్యం: "సంతకెళ్లి చింతపండు కొని వచ్చాను." మనం రోజూ మాట్లాడేది ఎక్కువగా ఇదే. అసమాపక క్రియలకు పురుష, లింగ, వచనాల గుర్తు ఉండదు, అది చివరి క్రియకే ఉంటుంది. "వచ్చాను"లోని "ను" నుంచి నేను అనే నోడ్‌ను పుట్టించి, మ స్థానంలో పెట్టండి. మ బయటి నోడ్ కాబట్టి ఆ ఒక్క సమాచారం వరస మొత్తానికి వెనక్కి పాకుతుంది, వెళ్లినదీ కొన్నదీ నేనే అవుతాను. మొదటి సూత్రానికి తోడు ఒక సూత్రం, చోటు లేని "వచ్చాను"కు ఒక సమాపకం సూత్రం చాలు, మిగతా ఏదీ మార్చక్కర్లేదు. "వచ్చింది" అయితే ఆమె, అది రెండూ కావచ్చు. నోడ్ మీద రెండూ రాసి వదిలేయండి.

తిన్న కంచం

క్రియాజన్య విశేషణాల దగ్గర కాసేపు ఆగండి. తిన్న పిల్లాడు, తిన్న అన్నం, తిన్న కంచం. మాటల వైపు మూడూ ఒకటే నమూనా, విశేషణం తర్వాత నామం. గ్రాఫ్ వైపు పిల్లాడికి కర్త ఎడ్జ్, అన్నానికి కర్మ, కంచానికి చోటు. సూత్రం రాస్తే బయటి నోడ్ ఆ నామం. అది లోపలి క్రియకు ఒక ఎడ్జ్‌తో, బయటి క్రియకు ఇంకో ఎడ్జ్‌తో కట్టుకుని ఉంటుంది. ఇక్కడా నోడ్ పంచుకోవడమే.

మూడు సూత్రాలు రాయండి, ఎడ్జ్‌కొకటి. ఏది ఎంచుకోవాలో రెండు ఆధారాలు చూడండి. మొదటిది, లోపల ఏ స్థానం ఇప్పటికే నిండింది. "పిల్లాడు తిన్న కంచం"లో కర్త ఉన్నాడు, కాబట్టి కర్త సూత్రం పోయింది. "అన్నం తిన్న పిల్లాడు"లో కర్మ ఉంది. రెండోది, నామం ఏ జాతిది. నిఘంటువులో తినేవి, మనుషులు, పాత్రలు అని గుర్తులు పెడితే చాలావరకు తేలిపోతుంది. అయినా తేలకపోతే సూత్రాలకు తూకాలు ఇచ్చి, ఎక్కువ తూకం వచ్చిన గ్రాఫ్‌ను ముందు చూపించండి. తూకాలు మీ ముప్పై వాక్యాల నుంచి లెక్కేస్తే సరిపోదు. చాలా భాషల వాక్యాలను ఒకే పద్ధతిలో చెట్లుగా గీసిపెట్టిన యూనివర్సల్ డిపెండెన్సీస్‌లో తెలుగుకు 1,328 వాక్యాల ట్రీబ్యాంక్ (చెట్ల సేకరణ) ఉంది, ఎవరైనా దించుకోవచ్చు. అవి చెట్లు, గ్రాఫ్‌లు కావు. మాటల వైపు సూత్రాలను పరీక్షించడానికి వాడుకోండి, పంచుకున్న కర్త ఎడ్జ్‌లను మీరు చేత్తో కలుపుకోండి. ఇది మంచి సెమిస్టర్ ప్రాజెక్టు అవుతుంది.

పార్సర్ మొత్తం మీరే రాయాలని లేదు. జావాలో రాసిన ఆల్టో అనే సాధనం మాటల వైపు, గ్రాఫ్ వైపు సూత్రాలను జంటగా తీసుకుంటుంది. పైథాన్‌లో రాసిన బొలీనాస్ ఇలాంటి సింక్రనస్ గ్రామర్ల కోసమే పుట్టింది. నేనైతే మొదట సొంత సీవైకే రాయించి, తర్వాతే వీటి దగ్గరకు పంపిస్తాను.

ఒడియా వైపు

సరిహద్దులో ఉన్న మనకు ఈ గ్రామర్ ఇచ్చే గొప్ప సౌకర్యం ఇది. సూత్రాల్లో గ్రాఫ్ భాగం భాషకు అతీతంగా ఉంది. పక్కన ఇంకో మాటల వరుస పెడితే అనువాదం మొదలవుతుంది. 2012లో ముంబైలో జరిగిన కోలింగ్ అనే కంప్యూటర్ భాషాశాస్త్ర సదస్సులో బెవన్ జోన్స్, కెవిన్ నైట్ తదితరులు చూపించిన దారి ఇదే. మూల భాష నుంచి గ్రాఫ్‌కు, గ్రాఫ్ నుంచి లక్ష్య భాషకు.

"సే హాటకు జాఇ తెంతుళి కిణి ఘరకు ఆసిలా." మా పిల్లలకు చదవగానే అర్థమయ్యే ఒడియా. జాఇ, కిణి రెండూ మన వెళ్లి, కొని లాంటివే. మాటల క్రమం ఒకటే, కర్తను పంచుకునే పద్ధతి ఒకటే. 2, 3, 4, 5 సూత్రాలను ముట్టుకోనే అక్కర్లేదు. 6, 7, 8లో ఒడియా మాటల వరుస ఒకటి చేర్చితే చాలు.

తెలుగు నుంచి ఒడియాకు వెళ్లేటప్పుడు ఈ వాక్యం నల్లేరు మీద బండి. తిరిగి వచ్చేటప్పుడు చూసుకోవాలి. ఒడియాలో "సే" అంటే అతను కావచ్చు, ఆమె కావచ్చు, "ఆసిలా"కు లింగభేదం లేదు. తెలుగు చివరి క్రియకు అది తప్పనిసరి. అందుకని ఒడియా నుంచి వచ్చిన మ నోడ్ మీద లింగం ఖాళీగా ఉంచి, ఎనిమిదో సూత్రాన్ని తెలుగు వైపు రెండు చేయండి, వచ్చాడు ఒకటి, వచ్చింది ఒకటి. కర్త స్థానంలో పేరో, చుట్టరికమో ఉంటే నిఘంటువు ఆ ఖాళీని నింపుతుంది. వట్టి "సే" మాత్రమే ఉంటే ముందు వాక్యం గ్రాఫ్‌లోని కర్త నోడ్‌ను తెచ్చి చూడండి. అదీ లేకపోతే రెండు తెలుగు వాక్యాలూ చూపించి, చదివే మనిషినే ఎంచుకోమనండి.